రెండో ఓఎస్ వేస్తుంటే కీబోర్డు పలకడం లేదా? ముందు ఏ స్క్రీన్ దగ్గర ఆగిందో చూడండి

విండోస్ ఉన్న సిస్టమ్‌లో పక్కన లినక్స్ రకాలైన ఉబుంటూనో మింట్‌నో వేసుకోవడం ఇప్పుడు ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలోనే మొదలైపోతోంది. పెన్‌డ్రైవ్ తయారు చేసుకునే దాకా అంతా సాఫీగానే నడుస్తుంది. తీరా సిస్టమ్ ఆన్ చేశాక ఎఫ్12 ఎన్నిసార్లు కొట్టినా చలనం ఉండదు. లేదా మెనూ వస్తుంది గానీ కింది బాణం నొక్కితే గీత కదలదు. లేదా ఇన్‌స్టాలర్ పూర్తిగా తెరుచుకున్నాక పేరు కొట్టబోతే ఒక్క అక్షరం పడదు. ఈ మూడింటినీ ఒకే జబ్బుగా లెక్కేసి విజయవాడలో గవర్నర్‌పేటకో, గుంటూరులో బ్రాడీపేటకో వెళ్లి కొత్త కీబోర్డు కొనుక్కొచ్చేవాళ్లు చాలామంది. అది తగిలించినా మళ్లీ అదే తంతు.

ఇవి మూడూ వేరువేరు సమస్యలు. సిస్టమ్ ఆన్ అయిన దగ్గర్నుంచి డెస్క్‌టాప్ వచ్చేలోపు కీబోర్డు బాధ్యత చేతులు మారుతుంది. మొదట బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రామ్, అంటే బయోస్, చూసుకుంటుంది. ఏ ఓఎస్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూ వచ్చినప్పుడు కూడా అసలు పని బయోస్‌దే, గ్రబ్‌ దాని దగ్గర అరువు తెచ్చుకుంటుంది. లినక్స్ కర్నెల్, అంటే ఆ ఓఎస్ గుండెకాయ, లోడ్ అవగానే బయోస్ తప్పుకుని కర్నెల్‌లోని డ్రైవరు అందుకుంటుంది. ఆఖర్న ఏ మీటకు ఏ అక్షరం పడాలో లేఅవుట్ చెబుతుంది. ఎక్కడ చెయ్యి మారేటప్పుడు జారిందో తెలిస్తే మందు దొరికినట్టే. కాబట్టి మొదటి ప్రశ్న ‘ఎందుకు పనిచేయడం లేదు’ అని కాదు, ‘చివరిసారి ఏ స్క్రీన్‌లో పలికింది’ అని.

ఒక సంగతి. కింద కమాండ్లను పలికే తీరులోనే రాశాం. కొట్టేటప్పుడు చిన్న ఇంగ్లిష్ అక్షరాలు వాడండి. ‘స్పేస్’ అన్నచోట తప్ప ఎక్కడా ఖాళీ వదలొద్దు.

మొదలుపెట్టే ముందు

వైరు ఉన్న మామూలు యూఎస్‌బీ కీబోర్డు ఒకటి దగ్గర పెట్టుకోండి. రంగుల లైట్లు, మీడియా బటన్లు లేని చవకరకం అయితే మరీ మంచిది. కొనక్కర్లేదు, హాస్టల్లో పక్క గదిలో అడిగినా దొరుకుతుంది. అలాగే వైరు మౌస్ ఒకటి. డెస్క్‌టాప్ వెనక ఊదా రంగు గుండ్రటి పోర్టు ఉంటే అది పీఎస్/2. పాత పీఎస్/2 కీబోర్డు దొరికితే అది యూఎస్‌బీతో సంబంధం లేకుండా పనిచేస్తుంది గనక ఈ పనికి చాలా అక్కరకొస్తుంది. దాన్ని సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నప్పుడే గుచ్చాలి. ఆన్‌లో ఉండగా గుచ్చితే సాధారణంగా గుర్తించదు, ఒక్కోసారి పోర్టుకే దెబ్బ.

అన్నిటికన్నా ముఖ్యం బిట్‌లాకర్ రికవరీ కీ. ఈమధ్య వచ్చే విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో, హోమ్ ఎడిషన్‌లో కూడా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉండొచ్చు. బయోస్‌లో సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే ఏర్పాటు) లాంటివి కదిలిస్తే తర్వాత విండోస్ తెరవబోయినప్పుడు నీలం తెర వచ్చి 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే మీ ఫైళ్లు మీకే దక్కవు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలోంచి ఆ కీ తీసి కాగితం మీద రాసుకున్నాకే బయోస్‌లో చెయ్యి పెట్టండి. ఆ తెర మీద అంకెల మీటలు పనిచేయకపోతే ఎఫ్1 నుంచి ఎఫ్9 దాకా 1 నుంచి 9 అంకెలుగా, ఎఫ్10 సున్నాగా వాడుకోవచ్చు.

విండోస్ డిస్క్‌ను చిన్నది చేయడం కూడా ఇన్‌స్టాలర్‌కు వదలకుండా ముందే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చేసేసుకోండి. డిస్క్ సర్దుతుండగా సగంలో కీబోర్డు ఆగిందని కంగారుపడి పవర్ బటన్ నొక్కితే పోయేది డేటా. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు తగిలించి ఉంచండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకపోతే కరెంటు నిలకడగా ఉండే వేళ చూసుకోండి.

ఆగింది కీబోర్డా, మొత్తం సిస్టమా?

క్యాప్స్ లాక్ నొక్కి లైటు చూడండి. ఆ లైటును వెలిగించేది కీబోర్డు కాదు. మీట నొక్కిన సంగతి సిస్టమ్‌కు చేరి, అది తిరిగి ‘వెలిగించు’ అని చెబితేనే వెలుగుతుంది. అంటే లైటు మారుతోందంటే రాకపోకలు రెండువైపులా బాగున్నాయి. అక్షరాలు పడకపోవడానికి కారణం లేఅవుటో, కర్సర్ వేరేచోట ఉండటమో. లైటు మారడం లేదు గానీ మౌస్ కదులుతోందంటే తప్పు కీబోర్డు డ్రైవర్‌ది, లేదా పోర్టుది. రెండూ కదలకపోతే సిస్టమ్ హ్యాంగ్ అయింది, లేదా యూఎస్‌బీ కంట్రోలరే మూగబోయింది. లినక్స్ లోడ్ అవుతుండగా ల్యాప్‌టాప్‌లో క్యాప్స్ లాక్ లైటు దానంతటదే మినుకుమంటుంటే కర్నెల్ కుప్పకూలిందని అర్థం. ఇక మీటలు కొట్టి లాభం లేదు.

హ్యాంగ్‌ను కీబోర్డు సమస్యగా పొరబడటం చాలా ఎక్కువ. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాలర్ తెర వచ్చిన కాసేపటికే అంతా బిగుసుకుపోతే, మళ్లీ బూట్ చేసి గ్రబ్ మెనూలో ‘సేఫ్ గ్రాఫిక్స్’ అన్న వరుసను ఎంచుకోండి. ఫైళ్లు కాపీ అవుతున్నప్పుడు మౌస్ తడబడి మీటలు ఆలస్యంగా పలుకుతుంటే పెన్‌డ్రైవ్ నెమ్మది అయి ఉంటుంది. దాని లైటు మెరుస్తున్నంతసేపూ ఆగండి. రోహిణీ కార్తెలో బెజవాడ ఎండ 45 డిగ్రీలకు అటూఇటూ ఉన్నప్పుడు పరుపు మీద ల్యాప్‌టాప్ పెట్టి ఓఎస్ వేయడం మంచిది కాదు. కిందనుంచి గాలి ఆడక, వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది. గట్టి బల్ల మీద, వెనకభాగం కాస్త ఎత్తుగా పెట్టండి.

లోగో దగ్గరే పలకకపోతే

ఎఫ్2, ఎఫ్12, డిలీట్, ఎస్కేప్ ఏదీ తీసుకోవడం లేదు, విండోస్‌లోకి వెళ్తే మాత్రం కీబోర్డు బ్రహ్మాండంగా ఉంది. ఇది దాదాపు ఎప్పుడూ బయోస్‌లోని ఫాస్ట్ బూట్ పనే. సెకన్లు మిగల్చడానికి అది యూఎస్‌బీ పరికరాలను పలకరించకుండానే ముందుకు వెళ్లిపోతుంది. విండోస్ వచ్చాక దాని డ్రైవరు తీసుకుంటుంది గనక అక్కడ మామూలుగానే ఉంటుంది.

విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ వేరు, బయోస్‌లోని ఫాస్ట్ బూట్ వేరు. రెండూ ఆపాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ అన్నా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. దానివల్ల విండోస్ డిస్క్‌కు తాళం పడినట్టయి లినక్స్‌లోంచి రాయడం కుదరదు కూడా. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ స్పేస్ స్లాష్ హెచ్ స్పేస్ ఆఫ్’ కొడితే అది పోతుంది.

మరి కీబోర్డు పలకనప్పుడు బయోస్‌లోకి వెళ్లేదెలా? విండోస్‌లోంచే. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్ దగ్గర రీస్టార్ట్ నౌ నొక్కండి. నీలం తెర వచ్చాక ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. అంతా మౌస్‌తోనే అయిపోతుంది. ఇంకా దగ్గరి దారి కావాలంటే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘షట్‌డౌన్ స్పేస్ స్లాష్ ఆర్ స్పేస్ స్లాష్ ఎఫ్‌డబ్ల్యూ స్పేస్ స్లాష్ టీ స్పేస్ 0’. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడమే మీకు కావలసిందైతే బయోస్‌లోకి కూడా వెళ్లనక్కర్లేదు. అదే నీలం తెర మీద ‘యూజ్ ఎ డివైస్’ అన్నది ఎంచుకుంటే పెన్‌డ్రైవ్ పేరు కనిపిస్తుంది. ఎఫ్12 అవసరమే రాదు.

బయోస్‌లోకి వెళ్లాక మూడు చూడండి. ఫాస్ట్ బూట్ డిజేబుల్ చేయాలి. లెగసీ యూఎస్‌బీ సపోర్ట్ ఎనేబుల్‌లో ఉండాలి. ఎక్స్‌హెచ్‌సీఐ హ్యాండ్ ఆఫ్ అని ఉంటే అదీ ఎనేబుల్. యూఎస్‌బీ 3 కంట్రోలర్‌ను బయోస్ తన చేతిలోంచి ఓఎస్ చేతికి సవ్యంగా అప్పగించే ఏర్పాటు ఇది. ల్యాప్‌టాప్ బయోస్‌లలో ఈ రెండు వరుసలు కనిపించకపోవచ్చు, కంగారు పడొద్దు. పదేళ్ల కిందటి గిగాబైట్ బోర్డులు, ఏఎండీ 970, 990 చిప్‌సెట్లవి, ఇంకా మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతున్నాయి. వాటిలో ఐఓఎంఎంయూ అనే సెట్టింగు ఆఫ్‌లో ఉంటే లినక్స్ మొదలవగానే యూఎస్‌బీ మొత్తం చచ్చిపోతుంది, కొన్నిటిలో నెట్ కేబుల్ కూడా. బయోస్‌లో ఐఓఎంఎంయూ ఎనేబుల్ చేస్తే సరిపోతుంది.

బయోస్‌లోకి ఏ దారీ లేని డెస్క్‌టాప్‌కు ఆఖరి మార్గం బోర్డు మీద సీఆర్2032 సెల్ తీయడం. పవర్ కార్డు పూర్తిగా పీకి, సెల్ తీసి అయిదు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. సెట్టింగులన్నీ మొదటికొస్తాయి, ఫాస్ట్ బూట్ కూడా. కానీ డిస్క్ మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో, రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకో మారిపోతే విండోస్ తెరుచుకోదు. వీలైతే ముందే విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో స్టోరేజ్ కంట్రోలర్ పేరు చూసి రాసిపెట్టుకోండి.

పోర్టు సంగతి చిన్నదే గానీ చాలాచోట్ల అసలు దోషి అదే. క్యాబినెట్ ముందువైపు పోర్టుల్లో దుమ్ము పట్టి, పిన్నులు వదులై ఉంటాయి. కీబోర్డును వెనకవైపు, బోర్డుకు నేరుగా ఉన్న నల్ల రంగు యూఎస్‌బీ 2 పోర్టులో గుచ్చండి. పెన్‌డ్రైవ్, కీబోర్డు రెండూ ఒకే హబ్‌లో పెట్టొద్దు. బ్లూటూత్ కీబోర్డు బయోస్‌లో గానీ గ్రబ్‌లో గానీ పనిచేస్తుందని ఆశ పెట్టుకోకండి, జత కలిపిన వివరాలు విండోస్ దగ్గరే ఉంటాయి. చిన్న డోంగిల్‌తో వచ్చే వైర్‌లెస్ కీబోర్డు మాత్రం సిస్టమ్‌కు మామూలు యూఎస్‌బీ కీబోర్డులాగే కనిపిస్తుంది, సాధారణంగా ఇబ్బంది పెట్టదు. బ్లూటూత్, కేబుల్ రెండూ ఉన్న మెకానికల్ కీబోర్డుకు పక్కన చిన్న స్విచ్ ఉంటుంది. కేబుల్ తగిలించినా స్విచ్ బ్లూటూత్ వైపు ఉంటే పలకదు.

మెనూ వచ్చాక బాణం కదలకపోతే

గ్రబ్ బయోస్ కీబోర్డునే వాడుకుంటుందని చెప్పాం గదా, కాబట్టి పై మందులే ఇక్కడా పనిచేస్తాయి. అయితే ఉబుంటూ పెన్‌డ్రైవ్ మెనూ దగ్గర ఊరికే 30 సెకన్లు ఆగి చూడండి. గడువు అయ్యాక మొదటి వరుస దానంతటదే మొదలవుతుంది, కర్నెల్ రాగానే కీబోర్డు లేచి కూర్చోవడం తరచూ జరిగేదే. ఒకే పెన్‌డ్రైవ్‌లో చాలా ఓఎస్‌లు పెట్టుకునే వెంటాయ్ టూల్‌తో చేసిన పెన్‌డ్రైవ్‌లో ఈ సౌకర్యం మామూలుగా ఉండదు, అది మీరు నొక్కేదాకా అక్కడే ఆగుతుంది. అలాంటి సిస్టమ్‌కు రూఫస్ టూల్‌తో ఒకే ఐఎస్ఓ (ఓఎస్ మొత్తం ఉండే ఇన్‌స్టాల్ ఫైలు) రాసిన పెన్‌డ్రైవ్ వాడండి.

లినక్స్ వేయడం పూర్తయ్యాక గ్రబ్‌లో విండోస్ వరుసకు దిగలేకపోతే, లినక్స్‌లోకి వెళ్లి టెర్మినల్‌లో ‘సుడో స్పేస్ ఈఎఫ్ఐబూట్ఎంజీఆర్’ కొట్టండి (సుడో అంటే అడ్మిన్ హక్కుతో నడపమని చెప్పడం). విండోస్ బూట్ మేనేజర్ పక్కన నాలుగంకెల సంఖ్య కనిపిస్తుంది. అదే కమాండ్ చివర ‘స్పేస్ హైఫన్ ఎన్ స్పేస్’ పెట్టి ఆ సంఖ్య ఇస్తే తర్వాతి ఒక్కసారికి నేరుగా విండోస్ తెరుచుకుంటుంది.

గ్రబ్‌లో బాగుండి, లినక్స్ రాగానే ల్యాప్‌టాప్ కీబోర్డు ఆగిపోతే

అసలు చిక్కుముడి ఇదే. బయట యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే పనిచేస్తుంది, టచ్‌ప్యాడ్ కూడా పనిచేస్తుంది, లోపలి కీబోర్డు మాత్రం మూగ. విండోస్‌లోకి వెళ్తే అదే కీబోర్డు నిక్షేపంగా ఉంటుంది. సర్వీసు షాపుకు తీసుకెళ్తే కీబోర్డు మార్చాలంటారు. మార్చొద్దు, హార్డ్‌వేర్‌లో ఏ లోపమూ లేదు.

చాలా ల్యాప్‌టాప్‌లలో లోపలి కీబోర్డు యూఎస్‌బీ కాదు. లోపల ఒక చిన్న కంట్రోలర్ ఉండి పాతకాలపు పీఎస్/2 కీబోర్డులా నటిస్తుంది. లినక్స్‌లో దీన్ని చూసుకునే డ్రైవరు పేరు ఐ8042. మీట నొక్కిన ప్రతిసారీ ఇంటరప్ట్ 1 అనే తీగ మీద సంకేతం వస్తుంది. ఆ సంకేతం ఏ రూపంలో వస్తుందో హార్డ్‌వేర్ వివరాలను ఓఎస్‌కు చెప్పే, బయోస్‌లోని ఏసీపీఐ పట్టికలో రాసి ఉంటుంది. 2022లో వచ్చిన రైజెన్ 6000 శ్రేణి ల్యాప్‌టాప్‌లలో, కొన్ని ఇంటెల్ 12వ తరం ఏసస్ వివోబుక్‌లలో, ఆ పట్టికను పాత కర్నెల్ వేరుగా అర్థం చేసుకుని సంకేతం రూపాన్ని మార్చేసేది. దాంతో మీట నొక్కిన కబురు కర్నెల్‌కు అందేది కాదు. తర్వాతి కర్నెల్‌లలో మోడల్ వారీగా సరిచేస్తూ వచ్చారు.

అందుకే మొదటి మందు కొత్త ఐఎస్ఓ. సీనియర్ దగ్గర తీసుకున్న ఉబుంటూ 22.04 మొదటి ఐఎస్ఓలో కర్నెల్ 5.15. అదే 22.04.5లో 6.8 ఉంటుంది. 24.04.3లో 6.14. పేరు ఒకటే అయినా చివరి అంకె మారితే లోపలి కర్నెల్ మారిపోతుంది. నెట్ ఖర్చు చూసుకుని పాత ఐఎస్ఓతోనే కుస్తీ పట్టేకన్నా తాజాది దించుకోవడమే మేలు. ల్యాప్‌టాప్ తయారీదారు సైటులో బయోస్ అప్‌డేట్ ఉంటే విండోస్‌లోంచి అదీ వేసేయండి.

కొత్త ఐఎస్ఓతోనూ పలకకపోతే కర్నెల్‌కు మాట చెప్పాలి. గ్రబ్ మెనూలో ‘ట్రై ఆర్ ఇన్‌స్టాల్’ వరుస మీద ఉండి ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం మీట నొక్కండి. లోపలి కీబోర్డు గ్రబ్‌లో పలుకుతుంది గనక ఇది దాంతోనే చేయొచ్చు. కనిపించే వరుసల్లో ‘లినక్స్’ అనే పదంతో మొదలయ్యేదానికి దిగి, ఎండ్ మీటతో చివరికి వెళ్లండి. అక్కడ ‘క్వైట్ స్ప్లాష్’ అని ఉంటుంది. ఆ రెండు మాటలూ చెరిపేస్తే బూట్ అయ్యేటప్పుడు లోగో బదులు సందేశాలు కనిపిస్తాయి, ఎక్కడ ఆగుతోందో తెలుస్తుంది. ఒక స్పేస్ ఇచ్చి కింది మాటల్లో ఒకటి చేర్చి, కంట్రోల్ ఎక్స్ గానీ ఎఫ్10 గానీ నొక్కండి.

ముందు ‘ఐ8042 డాట్ నోపీఎన్‌పీ’ ప్రయత్నించండి. అంకెలు అంకెలుగానే, ‘డాట్’ అంటే చుక్క. దీంతో ఏసీపీఐ పట్టిక చెప్పినదాన్ని పక్కనపెట్టి డ్రైవరు నేరుగా కంట్రోలర్‌ను వెతుక్కుంటుంది. లొంగకపోతే ‘ఐ8042 డాట్ రీసెట్’. టచ్‌ప్యాడ్ తాకినప్పుడల్లా కీబోర్డు ఆగుతుంటే ‘ఐ8042 డాట్ నోమక్స్’. మీటలు మొదట పలికి, క్యాప్స్ లాక్ నొక్కగానే ఆగిపోతే ‘ఐ8042 డాట్ డమ్‌కేబీడీ’. దీని స్పెల్లింగ్‌లో డమ్ తర్వాత బీ కూడా వస్తుంది: డీ, యూ, ఎం, బీ, కే, బీ, డీ. దీంతో లైట్లు వెలగవు, మీటలు పలుకుతాయి. ఒక్కోసారి ఒక్కటే చేర్చండి. అన్నీ కలిపి పెడితే ఏది పనిచేసిందో తెలియదు, ఒకదాని ఫలితాన్ని ఇంకొకటి చెడగొట్టొచ్చు కూడా.

ఇలా చేర్చింది ఆ ఒక్క బూట్‌కే. ఇన్‌స్టాల్ అయ్యాక మొదటిసారి కూడా ఇదే పద్ధతిలో లోపలికి వెళ్లి, శాశ్వతం చేసుకోవాలి. ఈటీసీ ఫోల్డర్‌లో డీఫాల్ట్ అనే ఫోల్డర్, అందులో గ్రబ్ అనే ఫైలు. దాన్ని ‘సుడో స్పేస్ నానో’తో తెరిచి, ‘గ్రబ్ కమాండ్‌లైన్ లినక్స్ డీఫాల్ట్’ అన్న వరుసలో కొటేషన్ గుర్తుల లోపల మీ మాట చేర్చి సేవ్ చేయండి. తర్వాత ‘సుడో స్పేస్ అప్‌డేట్ హైఫన్ గ్రబ్’. ఈ కమాండ్ మరిచిపోతే ఫైలులో మార్చింది ఫైలులోనే ఉండిపోతుంది.

ఇవేవీ పనిచేయకపోయినా ఇన్‌స్టాలేషన్ ఆపనక్కర్లేదు. బయటి యూఎస్‌బీ కీబోర్డుతో పూర్తి చేసుకోవచ్చు. అదీ లేకపోతే ఉబుంటూలో యాక్సెసిబిలిటీ మెనూలో స్క్రీన్ కీబోర్డు ఆన్ చేసి మౌస్‌తో కొట్టొచ్చు. ఇన్‌స్టాల్ అయ్యాక ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే వైఫై డ్రైవరు లేకపోయినా నెట్ వస్తుంది. దాంతో అప్‌డేట్లన్నీ వేసేయండి, కొత్త కర్నెల్ వాటితోనే వస్తుంది.

2018 నుంచి 2020 దాకా వచ్చిన టీ2 చిప్ మ్యాక్‌బుక్‌ల సంగతి వేరు. వాటి లోపలి కీబోర్డుకు మామూలు ఐఎస్ఓలో డ్రైవరు ఉండదు, టీ2 కోసం ప్రత్యేకంగా చేసిన కర్నెల్ కావాలి.

రెండో ఓఎస్ విండోస్ 7 అయితే

పాత లెక్కల ప్రోగ్రామో, పాత ప్రింటరో వదల్లేక కొట్లలో ఇంకా ఇది అడుగుతుంటారు. భాష ఎంచుకునే మొదటి తెర వస్తుంది, కీబోర్డూ మౌసూ రెండూ కదలవు. విండోస్ 7 వచ్చింది 2009లో. దాని ఇన్‌స్టాలర్‌లో యూఎస్‌బీ 3 కంట్రోలర్ డ్రైవరు లేదు. 2015లో ఇంటెల్ 6వ తరంతో పాత యూఎస్‌బీ 2 కంట్రోలర్‌ను చిప్‌సెట్‌లోంచే తీసేశారు. కాబట్టి పోర్టు నల్లగా ఉన్నా లోపల ఉన్నది యూఎస్‌బీ 3 కంట్రోలరే, ఏ పోర్టులో గుచ్చినా ఫలితం ఒకటే. పీఎస్/2 కీబోర్డు ఉంటే గండం గడుస్తుంది. లేకపోతే విండోస్ 10లోని డిజమ్ టూల్‌తో యూఎస్‌బీ 3 డ్రైవర్లను పెన్‌డ్రైవ్‌లోని బూట్ విమ్, ఇన్‌స్టాల్ విమ్ రెండు ఫైళ్లలోకీ ఎక్కించాలి. బూట్ విమ్‌లో రెండు భాగాలుంటాయి, ఇన్‌స్టాలర్ నడిచేది రెండోదాంట్లోంచి. చాలామంది మొదటిదాంట్లో మాత్రమే వేసి ఆపేస్తారు. అయినా 2020 జనవరి 14తో దానికి భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ ఒక్క ప్రోగ్రామ్ కోసమే అయితే ఉన్న ఓఎస్ లోపలే మరో ఓఎస్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో, నెట్ ఆపేసి నడుపుకోవడం మా సలహా.

మీటలు పలుకుతున్నాయి, పాస్‌వర్డ్ మాత్రం పట్టడం లేదు

ఇన్‌స్టాలర్‌లో భాష దగ్గర ముచ్చటపడి తెలుగు ఎంచుకుంటే లేఅవుట్ కూడా తెలుగు వైపు మళ్లే అవకాశం ఉంది. అప్పుడు కె మీట నొక్కితే ‘క’ పడుతుంది, హెచ్ నొక్కితే ‘ప’. పేరు దగ్గరైతే కంటికి కనిపిస్తుంది. పాస్‌వర్డ్ గడిలో చుక్కలే గనక తెలియదు. యూజర్ నేమ్ తెలుగు అక్షరాలను ఒప్పుకోదు. దాంతో కీబోర్డు పాడైందనుకుంటారు. తెర భాష తెలుగు ఉంచుకోండి, లేఅవుట్ మాత్రం ఇంగ్లిష్ యూఎస్ గానీ, రూపాయి గుర్తుతో ఉండే ఇంగ్లిష్ ఇండియా గానీ పెట్టండి. తెలుగు లేఅవుట్ ఇన్‌స్టాల్ అయ్యాక రెండోదిగా చేర్చుకోవచ్చు. ఇంగ్లిష్ యూకే పెట్టారంటే షిఫ్ట్ 2కు ఎట్ గుర్తు బదులు కొటేషన్ పడుతుంది, పాస్‌వర్డ్ అక్కడే తేడా కొడుతుంది. లేఅవుట్ పేజీలోనే కొట్టి చూసుకునే గడి ఉంటుంది. మీ పాస్‌వర్డ్‌లో వాడే గుర్తులన్నీ ఆ గడిలో ఒకసారి కొట్టి చూడండి.

ఉబుంటూ 24.04 టెర్మినల్‌లో సుడో పాస్‌వర్డ్ అడిగినప్పుడు చుక్కలు కూడా కనిపించవు. కర్సర్ కదలదు. అది కీబోర్డు ఆగిపోవడం కాదు. కొట్టి ఎంటర్ నొక్కండి. మింట్‌లో నక్షత్రాలు కనిపిస్తాయి గనక దానికి అలవాటైనవాళ్లు ఇక్కడ తికమకపడతారు.

విండోస్‌లో కుడి షిఫ్ట్‌ను 8 సెకన్లు నొక్కి ఉంచితే ఫిల్టర్ కీస్ అడుగుతుంది. పొరపాటున ఒప్పుకుంటే మామూలుగా తట్టిన మీటలు పడవు, ఆగి నొక్కితేనే పడతాయి. యాక్సెసిబిలిటీలో ఆఫ్ చేసేయండి.

డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంటే బూట్ మధ్యలోనే పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పటికి బ్లూటూత్ ఇంకా మేలుకోదు, వైరు కీబోర్డే దిక్కు. లేఅవుట్ తర్వాత మార్చుకున్నవాళ్లు ‘సుడో స్పేస్ అప్‌డేట్ హైఫన్ ఇనిట్రామ్ఎఫ్ఎస్ స్పేస్ హైఫన్ యూ’ కొట్టకపోతే ఆ తెర మీద పాత లేఅవుటే ఉంటుంది. ఆర్చ్ అనే మరో లినక్స్ రకం వాడేవాళ్లు ఎంకేఇనిట్‌సీపీఐఓ ఫైలులో ‘కీబోర్డ్’ హుక్‌ను ‘ఆటోడిటెక్ట్’ కన్నా ముందుకు జరపాలి. లేకపోతే తయారు చేసిన రోజు తగిలించి ఉన్న కీబోర్డుకు తప్ప వేరేదానికి డ్రైవరు ఉండకపోవచ్చు.

10 సెకన్ల నీలం తెర

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంచి, ఇన్‌స్టాలర్‌లో థర్డ్ పార్టీ డ్రైవర్లకు టిక్ పెడితే ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. ఆ డ్రైవర్లకు సంతకం చేసే తాళంచెవిని, అంటే మోక్‌ను, నమోదు చేయడానికి ఇది. మొదటి రీస్టార్ట్‌లో నీలం తెర వచ్చి ఏదైనా మీట నొక్కమని 10 నుంచి లెక్కపెడుతుంది. ఇక్కడ కీబోర్డు మళ్లీ బయోస్ చేతిలోనే. అది పలకక గడువు దాటితే లినక్స్ వస్తుంది గానీ ఎన్విడియా, వైఫై డ్రైవర్లు లోడ్ కావు. ఫాస్ట్ బూట్ ఆపి, వైరు కీబోర్డు తగిలించి, టెర్మినల్‌లో ‘సుడో స్పేస్ మోక్‌యుటిల్ స్పేస్ హైఫన్ హైఫన్ ఇంపోర్ట్ స్పేస్’ పెట్టి, వార్, లిబ్, షిమ్ హైఫన్ సైన్‌డ్, మోక్ అనే ఫోల్డర్ల వరుసలో ఉన్న మోక్ డాట్ డెర్ ఫైలు దారి ఇవ్వండి. ఈ ఒక్క ఫైలు పేరులో మోక్ పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఫోల్డర్ పేరు మాత్రం చిన్న అక్షరాలే. కొత్త పాస్‌వర్డ్ ఇచ్చి రీస్టార్ట్ చేస్తే ఆ తెర మళ్లీ వస్తుంది. ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకోండి. ఆ పాస్‌వర్డ్‌లో గుర్తులు పెట్టకుండా చిన్న అక్షరాలు, అంకెలు మాత్రమే వాడితే లేఅవుట్ గొడవ ఉండదు.

సరైందని తేల్చుకోవడం

రీస్టార్ట్ ఒక్కటే చేసి చూసి సరిపోయిందనుకోవద్దు. పూర్తిగా షట్ డౌన్ చేసి, డెస్క్‌టాప్ అయితే వెనక స్విచ్ కూడా ఆపి, అర నిమిషం ఆగి ఆన్ చేయండి. బయోస్‌లోకి ఎఫ్2తో వెళ్లగలగాలి, గ్రబ్‌లో బాణం కదలాలి, లాగిన్‌లో పాస్‌వర్డ్ పట్టాలి. ఆ తర్వాత విండోస్‌లోకి వెళ్లి, అక్కడ షట్ డౌన్ చేసి, మళ్లీ లినక్స్‌లోకి రండి. విండోస్ నుంచి వచ్చినప్పుడే తిరగబెట్టే సమస్యలుంటాయి. ల్యాప్‌టాప్ మూత వేసి రెండు నిమిషాలాగి తెరవండి. నిద్ర లేచాక మాత్రమే కీబోర్డు పలకకపోతే ‘ఐ8042 డాట్ రీసెట్’ను గ్రబ్ ఫైలులో చేర్చి మళ్లీ చూడండి. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చాక ఫాస్ట్ స్టార్టప్ మళ్లీ ఆన్ అయి ఉండొచ్చు. లోగో దగ్గర కీబోర్డు మళ్లీ మొరాయిస్తే ముందు ఫాస్ట్ స్టార్టప్‌ను, బయోస్ అప్‌డేట్ కూడా అయి ఉంటే ఆ వెంటే ఫాస్ట్ బూట్‌ను చూడండి.